ఏ రాజు పేరూ మోయని నెల

పత్తి మొగ్గను గోటితో గిల్లితే ఒక వాసన వస్తుంది. పచ్చిగా, కాస్త వగరుగా ఉంటుంది. బొటనవేలి గోటి సందులో జిగురులా చేరి, సబ్బు పెట్టి రుద్దినా సాయంత్రం దాకా వదలదు. ఈమధ్య పెద్దమందడి దగ్గర ఒక చేలో నిలబడి మొగ్గ గిల్లి చూస్తున్నాను. నేను ఈ మండలంలో వ్యవసాయ విస్తరణ అధికారిని. రైతులు ఎదురుగా 'మేడమ్' అంటారు, నేను అటు తిరగ్గానే 'పత్తి మేడమ్' అంటారు. రెండూ నాకిష్టమే. ఆ చేను బాలకిష్టన్నది. ఈ ఏడే కొత్తగా విత్తన పత్తి వేశాడు. "కాయ నిలుస్తలేదు మేడమ్" అన్నాడు దిగులుగా. "ఈ ఆడోళ్ల చేతులు బరువు. గద్వాల దిక్కు లెక్క చిన్న పిల్లలు దొరికితే మంచిగుండు." ఆ మాట చెవిన పడడం, ఆ వాసన ముక్కుకు తగలడం ఒక్కసారే జరిగాయి. నాకు రజియా టీచర్ గుర్తొచ్చింది. గుర్తురావడమేమిటి, ఆమె నల్లబల్ల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడినట్టే అయింది. బాలకిష్టన్నకు నేనేం జవాబిచ్చానో తర్వాత చెబుతాను. ముందు మీకు మా టీచర్ను చూపించాలి.

మాది గద్వాలకు దగ్గర్లో ఒక పల్లె. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, జూలైలో, ఆమె మా బడికి వచ్చింది. గద్వాల నుంచి షేరింగ్ ఆటోలో, కోడిగంపల మధ్య ఇరుక్కుని వచ్చేది. బడికి చేరగానే బుర్ఖా తీసి మడిచి మేకుకు తగిలించేది. లోపల గంజి పెట్టిన నూలు చీర, చేతికి మగవాళ్లు కట్టుకునే పెద్ద గడియారం. ఆమె భర్తకు గద్వాలలో గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. అందుకేనేమో ఆమెకు కాలం కబుర్లంటే తగని పిచ్చి. వారం ఎందుకు ఏడు రోజులు, గంటకు అరవై నిమిషాల లెక్క ఎవరు పెట్టారు, ఇలాంటివి ఎత్తుకుందంటే అన్నం గంట కొట్టినా ఆగేది కాదు. గొంతు మాత్రం ఎంత గట్టిదంటే, బడి వెనక మేస్తున్న మేకలు కూడా తలెత్తి చూసేవి. అబద్ధం చెప్పడం లేదు, నేను కళ్లారా చూశాను.

వచ్చిన మొదటి రోజే ఇంగ్లిషు నెలల పేర్లు చెప్పమంది. నేను ముందే లేచి నిలబడ్డాను. ఏదైనా నాకే ముందు తెలుసని చూపించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. "జనవరి, ఫిబ్రవరి, మార్చి..." అంటూ గడగడా మొదలుపెట్టి, "జూలై, ఆగస్టు, నవంబరు, డిసెంబరు" అని ముగించి, చప్పట్లు కొడతారేమోనని చూశాను. మగపిల్లలు గొల్లున నవ్వారు. ఆడపిల్లలు ఒక్కరూ నవ్వలేదు. వాళ్లకు తప్పేమీ కనబడలేదు మరి. నా పక్కన కూర్చునే ఈరమ్మను లేపితే అదీ అలాగే చెప్పింది. ఆగస్టు తర్వాత నవంబరు.

"మధ్యల రెండు నెలలు యాడికి పోయినయ్ బేటీ?" అని అడిగింది టీచర్.

"క్రాసింగ్‌కు పోతం టీచర్" అన్నాను.

"నెలలు పోతయా, మీరు పోతరా?"

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మేం నెలల పేర్లు పుస్తకంలో నేర్చుకోలేదు. రోజూ బల్ల మీద పైమూల రాసే తేదీలో చూసి నేర్చుకున్నాం. సెప్టెంబరు అని బల్ల మీద రాసే రోజుల్లో మేం ఎప్పుడూ బడిలో లేము. అందుకని మా ఏడాదిలో ఆ నెలలే లేవు. మా ఇంట్లో ఆ కాలాన్ని క్రాసింగ్ అనే అనేవాళ్లు.

క్రాసింగ్ అంటే ఏమిటో చెప్పాలి. సంకర విత్తనం కోసం వేసే విత్తన పత్తిలో ఆడ సాళ్లు వేరు, మగ సాళ్లు వేరు. మధ్యాహ్నం పూట, రేపు విచ్చుకోబోయే మొగ్గలను ఆడ మొక్క మీద వెతికి, గోటితో రేకులు ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. వానలు జోరుగా ఉండే రోజుల్లో మొదలై దసరా దాటేదాకా రోజూ ఇదే పని. ఈ పనికి పెద్దమనిషి కాని ఆడపిల్లలే కావాలని మా ఊళ్లో గట్టి నమ్మకం. పెద్ద ఆడవాళ్లు ముట్టుకుంటే మొగ్గ మైలపడి రాలిపోతుందనేవాళ్లు. అది నిజంగా నమ్మకమో, తక్కువ కూలికి వచ్చే చేతుల కోసం అల్లిన మాటో ఎవరూ అడగలేదు. మా అమ్మా అడగలేదు. ఆమె కూడా చిన్నప్పుడు ఆ సాళ్లలోనే పెరిగింది.

మర్నాడు టీచర్ మమ్మల్ని వరండాలో వరుసగా నిలబెట్టింది. "రోమ్ అని ఒక పెద్ద పట్నం ఉండె. ఆళ్ల పాత లెక్కల ఏడాది మొదలయ్యేది మార్చిల. యుద్ధాల దేవుని పేరు పెట్టిన్రు దానికి" అంటూ మొదట నిలబడ్డ పిల్ల తల మీద చెయ్యి వేసింది. అలా ఒక్కొక్కరి తల తడుముతూ వచ్చి నా దగ్గర ఆగింది. "నువ్వు ఏడోదానివి. ఆళ్ల భాషల సెప్టెం అంటే ఏడు. నువ్వు సెప్టెంబరు." నా తర్వాత వాళ్లు ఎనిమిది, తొమ్మిది, పది. "సప్త, అష్ట, నవ, దశ అని మీ ఇండ్లల్ల పంతులు అంటడు చూడు, గవే ఇవి. మా ఇంట్ల వారాన్ని హఫ్తా అంటం. హఫ్త్ అన్నా ఏడే. భాషలన్నీ యాడనో ఒక్కతాన సుట్టాలే." ఊళ్లో ఏడు రోజుల భజనను సప్తాహం అంటారని నాకు తెలుసు. వారం కూలిని హఫ్తా అంటారనీ తెలుసు. ఈ రెండూ నా పేరులోనే ఉన్నాయని ఆ రోజే తెలిసింది. అవును, అప్పటికే అది నా పేరైపోయింది.

అంతలో ఆలస్యంగా వచ్చిన ఇద్దరు పిల్లలు గేటు దగ్గర తచ్చాడుతున్నారు. టీచర్ వాళ్లను పిలిచి వరుస ముందు నిలబెట్టింది. "జనవరి, ఫిబ్రవరి ఎనకకెల్లి వచ్చి ముందర నిలబడ్డయ్. ఇప్పుడు జములమ్మ ఎన్నోది?" అని నన్ను చూపించి అడిగింది.

"తొమ్మిదోది!" అని అరిచారంతా.

"పేరు మారిందా?"

"లేదు!"

తర్వాత పాత లెక్కలో ఐదో పిల్లనూ ఆరో పిల్లనూ ముందుకు లాగింది. వాళ్ల పేర్లు కూడా ఒకప్పుడు అంకెలేనట. ఒకరి తర్వాత ఒకరు ఇద్దరు ఏలికలు వచ్చి ఆ నెలలకు తమ పేర్లు పెట్టించుకున్నారట. జూలై, ఆగస్టు అలా పుట్టాయట. ఆరో పిల్ల మా ఈరమ్మే. రాజు పేరు దొరికేసరికి దానికి ఎక్కడలేని టెక్కు వచ్చింది. నా వైపు తిరిగి మూతి తిప్పింది. నేనూరుకుంటానా? "టీచర్, మరి సెప్టెంబరుకు ఏ రాజు పేరు పెట్టిన్రు?" అని అడిగాను.

టీచర్ నా ముందుకొచ్చి నిలబడింది. "పెట్టాలని చూసిన్రు. ఒకలిద్దరు రాజులు గా నెల మీద తమ పేరు రాసుకున్రు గూడ. రాజు పోయిండు, పేరు పోయింది. జనం మళ్ల ఏడు అనే పిలిచిన్రు. చోటు మారినా పేరు ఇడువలే, రాజు వచ్చినా పేరు ఇయ్యలే. గది సెప్టెంబరు."

అబ్బ, ఆ సాయంత్రం నేను ఇంటికి నడిచిన నడక చూడాలి! మా అవ్వకు ఈ కథంతా చెబితే, "గదేం గొప్ప? మన నెలలకు సుక్కల పేర్లు ఉన్నయ్. పున్నమి నాడు సందమామ ఏ సుక్క దగ్గరుంటే గా పేరు" అని తీసిపారేసింది. ఆ మాట టీచర్‌కు మోసుకెళ్లి చెబితే ఆమె ఎంత సంబరపడిందో! "మీ అవ్వను బడికి తోల్కరా, నేను కింద కూసోని ఇంట" అంది.

ఆగస్టు గడిచిపోతోంది. చేలల్లో పత్తి మా ఛాతీ ఎత్తుకు వచ్చింది. విత్తన పత్తి వేసే ఆసామిని మా ఊళ్లో అందరూ పటేలు అనేవాళ్లు. మా నాయిన ఆయన దగ్గర అరక తోలేవాడు. ఎప్పటిలాగే ఈ ఏడు కూడా పిల్లను పంపుతానని మాట ఇచ్చాడు. ఆ సంగతి తెలిసి ఒక సాయంత్రం బడి వదిలాక టీచర్ మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో పీట వేస్తే కూర్చుని, చట్టాలూ శిక్షలూ ఏమీ ఎత్తలేదు. మా అమ్మను ఒక్కటే అడిగింది.

"అక్కా, జములమ్మను ఏ కాలంల కన్నవ్?"

"క్రాసింగ్ కాలంలనే టీచరమ్మా. మధ్యాన్నం దాక సేన్ల కాయ లెక్క ఒంగి మగ పూలు తెంపిన. పొద్దు గూకేసరికి ఇది పుట్టింది."

"అంటే సెప్టెంబరు. పిల్ల పుట్టిన నెల గూడ పిల్లది కాకపోతే ఎట్ల అక్కా?"

అమ్మ పొయ్యి ఊదుతున్నది ఊదుతున్నట్టే ఆగిపోయింది. నాయిన గోడ వైపు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పటేలు వచ్చాడు, రేపటి నుంచి పిల్లను పొద్దున్నే పంపమని చెప్పడానికి. టీచర్ను చూసి మర్యాదగానే నవ్వాడు.

"సంవత్సరమంత మీ దగ్గరనే ఉంటరు కదా టీచరమ్మా. ఈ సెప్టెంబరు ఒక్కటి మాకు ఇడిసిపెట్టున్రి."

"రోమ్ రాజులకే ఇయ్యలేదు పటేలా, నీకెట్ల ఇస్తరు?" అంది టీచర్.

ఆయనకు ముక్క అర్థం కాలేదు. నాకు మాత్రం కిసుక్కున నవ్వొచ్చింది. టీచర్ అక్కడితో ఆపలేదు. "మీ బిడ్డ యాడ సదువుతుంది?" అని అడిగింది. గద్వాల హాస్టల్లో అన్నాడు. "క్రాసింగ్‌కు ఎప్పుడు తోల్కొస్తున్నరు?" అంది నిదానంగా. పటేలు మొహం కందగడ్డ అయింది. "పెద్దోళ్లు ముడితే కాయ నిలవది. రాలిపోతే నా పంటకు ఎవరు జవాబు?" అన్నాడు.

అప్పుడు మా అమ్మ లేచి నిలబడింది. మనుషుల మధ్య గొంతెత్తని మనిషి. పటేలు ముందు కొంగు సర్దుకోకుండా ఎప్పుడూ నిలబడనైనా నిలబడలేదు. "దాని సాళ్లు నేను జేస్త" అంది. "కాయ రాలితే పిల్లను తోల్త. నిలిస్తే మళ్ల దాని జోలికి రావొద్దు." రాలిపోవడం ఖాయమని పటేలుకు ధీమా. సరేనన్నాడు. టీచర్ను ఆటో దాకా సాగనంపడానికి నేను వెళ్లాను. దారిలో ఆమె మెల్లగా, "బేటీ, మీ అమ్మ మొగ్గ మంచిగ ఒలుస్తదా? నాకు పత్తి గురించి ఏం తెల్వదు" అంది. అంత పెద్ద గొంతు మనిషి అంత చిన్నగా మాట్లాడడం నేను అప్పుడే విన్నాను.

మర్నాటి నుంచి నేను బడికి, అమ్మ చేనుకు. తరగతిలో ఆడపిల్లల వరుస దాదాపు ఖాళీ. ఈరమ్మ కూడా లేదు. సెప్టెంబరు మొదలైన రోజు టీచర్ సుద్దముక్క నా చేతికిచ్చి, "నీ నెల నువ్వే రాయి" అంది. బల్ల మీద ఆ పేరును మొదటిసారి నా చేత్తో రాసే చూశాను. మగపిల్లలు నవ్వితే నవ్వనీ అని ఎంత పెద్ద అక్షరాలు రాశానంటే, లెక్కలు రాయడానికి చోటు మిగల్లేదు. సాయంత్రం అమ్మ రాగానే ముందు ఆమె గోళ్లు చూసేదాన్ని. పచ్చటి మరక, ఆ వాసన. "నిలుస్తున్నయా అమ్మా?" అంటే, "ఇప్పుడే ఏం తెలుస్తది, పండుకో" అనేది. సరిగా పట్టని మొగ్గ వారం తిరక్కుండా పసుపు తిరిగి రాలుతుందని నాకూ తెలుసు. నిద్రలో కూడా నాకు ఎర్ర కాగితాలు రాలుతున్నట్టే ఉండేది.

ఆ ఏడు రంజాన్ ఆ నెలలోనే వచ్చింది. ఒక ఆదివారం, ఎండ మాడ్చేస్తుంటే, టీచర్ గద్వాల నుంచి వచ్చి గట్టు మీద నడుచుకుంటూ చేలోకి దిగింది. రోజా ఉపవాసం ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పటేలు వచ్చాడు. క్రాసింగ్ చేస్తున్న పిల్లలు, మగ పూలు తెంపుతున్న ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. ఈరమ్మ ఎర్ర కాగితాలు ఒడిలో పట్టుకుని నా వైపే చూస్తోంది. పటేలు మా అమ్మ సాల్లోకి దిగి ఆకులు పక్కకు తోస్తూ వెళ్లాడు. మేం వెనకే నడిచాం. ఒక మొక్క, ఇంకో మొక్క. ఎర్ర కాగితం ఉన్నచోటల్లా దాని కింద పచ్చటి కాయ, మొనదేలి, బిర్రుగా నిలబడి ఉంది. అక్కడక్కడ ఒకటీ అరా రాలాయి. అవి పిల్లల సాళ్లలోనూ రాలాయి. పటేలు సాలు చివరిదాకా వెళ్లి, అక్కడినుంచి మళ్లీ వెనక్కి చూసుకుంటూ వచ్చాడు. చివరికి తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఈ ఏడు వాన మంచిగ పడ్డది. గందుకే నిలిసినయ్" అన్నాడు.

"వాన నా సాల్లల్లనే పడ్డదా పటేలా?" అంది మా అమ్మ.

ఆడవాళ్లంతా ఒక్కసారి పకపకా నవ్వారు. పటేలు కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. మాట తప్పే మనిషి కాదు, అది ఒప్పుకోవాలి. "నీ పిల్ల జోలికి రాను పో" అనేసి గట్టెక్కాడు. మా అమ్మ సంతోషంలో రోజా సంగతి మరిచి టీచర్‌కు కుండలో నీళ్లు చెంబుతో ముంచి ఇచ్చింది. టీచర్ ఆ చెంబు అందుకుని, మా అమ్మ రెండు చేతులూ పట్టుకుని, ఆ నీళ్లతో ఆమె గోళ్ల మరకలు కడిగింది. అవి పోలేదు. ఆమె కడుగుతూనే ఉంది. ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. మా అమ్మా మా టీచరూ అలా చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడితే, ఊరందరినీ పిలిచి చూపించాలనిపించింది.

ఊరంతా ఒక్క రోజులో మారిపోలేదు. కాని ఆ సాళ్లు చూశాక ఈరమ్మ వాళ్లమ్మ కూడా కొంగు బిగించింది. అక్టోబరులో ఈరమ్మ బడికి వచ్చి నా పక్కన కూర్చుంది. "నాది రాజు పేరు" అని మళ్లీ మొదలుపెట్టింది. మరుసటి ఏడు ఇంకొందరు వచ్చారు. రానివాళ్లూ ఉన్నారు, వాళ్ల పేర్లు టీచర్ హాజరు పిలుపులో ఒక్కరోజూ వదల్లేదు. నేను పదో తరగతికి వచ్చేసరికి ఆమెకు ఉప్పునుంతల బదిలీ అయింది. తర్వాత నేను వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చేరినా, ఉద్యోగం వచ్చినా, నా కబురు ఆమెకు చేరుతూనే ఉండేది. ఉద్యోగం వచ్చాక మిఠాయి పట్టుకుని అమ్మనూ వెంటబెట్టుకుని ఉప్పునుంతల వెళ్లాను. ఆమెకు జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే. మిఠాయి డబ్బా ముట్టుకోలేదు, "ముందుగాల నెలలు చెప్పు బేటీ" అంది. నేను ఆఫీసరమ్మనని కూడా మరిచిపోయి, చేతులు కట్టుకుని నిలబడి చెప్పాను. ఆగస్టు తర్వాత సెప్టెంబరు అనగానే చెయ్యెత్తి ఆపింది. "గది ఇంకోపారి చెప్పు" అంది. ఇంకోసారి చెప్పాను. అప్పుడు తిన్నది మిఠాయి. పోయిన చలికాలం ఆమె కన్నుమూసింది. ఆమె చేతికి ఉండే ఆ పెద్ద గడియారాన్ని ఇప్పుడు కొడుకు కట్టుకుంటున్నాడు.

బాలకిష్టన్న చేలో ఆ రోజు నేనేం చేశానంటే, వాదించలేదు. చెప్పులు గట్టు మీద విడిచి, చున్నీ నడుముకు బిగించి సాల్లోకి దిగాను. అక్కడి ఆడవాళ్లను పక్కన నిలబెట్టుకుని మొగ్గలు ఒలిచాను. వాళ్లు గోరు లోతుగా దింపి కాయ పుట్టే చోటే గాయం చేస్తున్నారు. తప్పు నేర్పనివాడిది, చేతులది కాదు. అది చూపించాను, వాళ్లతో చేయించాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి పూలు రుద్దాం. నేను ఇద్దరు పిల్లల తల్లిని. "ఇంత పెద్ద చేతులకు నిలుస్తదా మేడమ్?" అని బాలకిష్టన్న నసిగాడు. "వారం తర్వాత వస్త. ఇద్దరం చూద్దాం" అన్నాను.

వారం తర్వాత వెళ్లేసరికి బాలకిష్టన్న నాకంటే ముందే ఆ సాల్లో ఉన్నాడు. కాయలు నిలిచాయి. ఆకులు పక్కకు తోసి ఒక్కొక్కటీ నాకే చూపిస్తున్నాడు, తనే కనిపెట్టినట్టు. పక్క ఊళ్ల రైతులకు చూపించడానికి సాలు మొదట్లో ఒక చెక్క పలక పాతించాడు. రంగు డబ్బా, కుంచె సిద్ధంగా పెట్టుకున్నాడు. "ఈ సాలుకు మీ పేరు రాయమంటరా మేడమ్, నా పేరు రాయమంటరా?" అని అడిగాడు.

"ఎవరి పేరూ వద్దు" అన్నాను. కుంచె నేనే తీసుకుని, పలక నిండా, ఇంకేమీ రాయడానికి చోటు లేకుండా రాశాను, సెప్టెంబరు.